వైజాగ్‌లో కొత్త రేడియో పెడితే వినేదెవరు?

ప్రశ్న: మాది గాజువాక. ముగ్గురు స్నేహితులం. ఒకడు సౌండ్ ఇంజనీరు, ఒకడు యాడ్ ఏజెన్సీలో చేశాడు, నేను కాలేజీ రోజుల నుంచీ యాంకరింగ్ చేస్తున్నాను. విశాఖలో కొత్త రేడియో పెట్టాలని ఉంది. ముందు ఇంటర్నెట్‌లో, వీలైతే తర్వాత ఎఫ్‌ఎంలో. ఇరవై నాలుగు గంటలూ తొంభైల పాటలు, లేదా పూర్తిగా కామెడీ, లేదా భక్తి అనుకుంటున్నాం. ఏది నడుస్తుంది? ఇవి కాక కొత్త ఫార్మాట్ ఏమైనా ఉందా?

జవాబు:

మీరు చెప్పిన మూడింటి సంగతి ముందు తేల్చేస్తాను. తొంభైల పాటలన్నీ ఇప్పుడు అందరి జేబుల్లోనే ఉన్నాయి. కావలసిన పాట కావలసినప్పుడు ఫోనే పెడుతుంది. మధ్యలో మీ మాటలూ ప్రకటనలూ భరించాల్సిన అవసరం ఎవరికుంది? కామెడీ అంటే ప్రాంక్ కాల్సే అయితే, ఆ సరుకంతా రీల్స్‌కి వెళ్ళిపోయి చాలా కాలమైంది. భక్తి నడుస్తుంది గానీ తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడింటి దాకానే. తొమ్మిదింటికి కూడా అదే పెడితే ముందు కట్టేసేది భక్తులే.

నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు. అనౌన్సరుగా మొదలుపెట్టి, తర్వాత ఎఫ్‌ఎంలలో ప్రోగ్రామింగ్ చూసి, ఇప్పుడు కమ్యూనిటీ రేడియో (లాభం కోసం కాక, ఒక ప్రాంతం జనం తమ కోసం నడుపుకునే చిన్న స్టేషన్) వాళ్ళకి శిక్షణ ఇస్తున్నాను. పాటల జాబితా రాసుకోవడం నా దృష్టిలో ఆఖరి పని. మొదటి పని ఊరంతా తిరిగి, ఏ గంటలో ఎవరి చేతులు పనిలో ఉండి చెవులు ఖాళీగా ఉంటున్నాయో చూసుకోవడం.

మా రంగంలో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. 1950ల మొదట్లో అమెరికాలోని ఒమాహాలో టాడ్ స్టార్జ్ అనే స్టేషన్ యజమాని ఓ హోటల్లో కూర్చుని గమనించాడట. వచ్చినవాళ్ళంతా జ్యూక్ బాక్సులో నాణేలు వేసి అవే నాలుగైదు పాటలు పెట్టించుకుంటున్నారు. రోజంతా అవే విని విసిగిపోయి ఉండాల్సిన సర్వర్ అమ్మాయి, మూసే వేళకి తన సొంత నాణెం వేసి మళ్ళీ అదే పాట పెట్టుకుందట. కొద్ది పాటలే తీసుకుని తిప్పి తిప్పి వెయ్యడమనే టాప్ 40 ఫార్మాట్ అక్కడ పుట్టిందంటారు. మన ఎఫ్‌ఎంలలో ఇవాళ్టికీ నడుస్తున్నది దాని సంతానమే. ఈ కథ విన్నవాళ్ళంతా ఆ పాట గురించి ఆలోచిస్తారు. నాకు మాత్రం ఆ అమ్మాయి గుర్తుండిపోయింది. చేతిలో ప్లేట్లు, కళ్ళు బల్లల మీద, చెవులు ఖాళీ. ఆవిడకి రేడియో కావాలి. వైజాగ్‌లో అలాంటివాళ్ళు ఎక్కడున్నారో నాకు తెలిసినంత చెబుతాను.

మొదట ఫిషింగ్ హార్బర్. నేనే కనక ఇప్పుడు కొత్తగా మొదలుపెడితే, కళ్ళు మూసుకుని దీన్నే ఎంచుకుంటాను.

తెల్లవారుజామున మూడున్నర, నాలుగు మధ్య అక్కడికి వెళ్ళండి. బోట్లు జెట్టీకి ఆనుతుంటాయి, గంపలు దిగుతుంటాయి, ఐసు పగలగొట్టే చప్పుడు, దాని మీద పాట. రేడియోవాడికి పాట అంటే ఒకటి, హార్బర్‌లో పాట అంటే వేలంపాట. కొన్నేళ్ళ కిందట రికార్డర్ పట్టుకుని అక్కడ తిరుగుతూ, గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకావిణ్ణి "మీకు ఎలాంటి పాటలు ఇష్టం అమ్మా?" అని అడిగాను. మా వాళ్ళు రాసిచ్చిన సర్వే కాగితంలో మొదటి ప్రశ్న అదే మరి. ఆవిడ నన్ను కిందా మీదా చూసి, "నాకు పాటలొద్దు బాబూ. బోట్లు ఎన్నొచ్చాయో సెప్పండి, సాలు. మూడింటికి లేచి ఆటో కట్టుకుని వొస్తన్నాను, ఒట్టి గంపతో ఎల్లిపోతన్నాను" అంది. ఆటోవాడికి ఇచ్చిన డబ్బులు చేపలు దొరికినా దొరక్కపోయినా పోయినట్టే. కాగితంలో మిగిలిన పదకొండు ప్రశ్నలూ నేను అడగలేదు.

ఆవిడ ఒక్క మాటలో ఫార్మాట్ చెప్పేసింది. తెల్లవారుజామున మూడు నుంచి ఏడు దాకా, ప్రతి పావుగంటకీ మూడు ముక్కలు చెప్పాలి. గాలి ఎలా ఉంది, ఎన్ని బోట్లు చేరాయి, కోనెం చేప ఎంత పలికింది, చందువా ఎంత, కానాగంతలు ఎంత. మధ్యలో రెండు పాటలు. ఆరు దాటాక అదే ధరలు ఇంకోవైపు పనికొస్తాయి. పూర్ణా మార్కెట్‌కి సంచి పట్టుకుని బయల్దేరేవాళ్ళకి, చిన్న హోటళ్ళవాళ్ళకి. రైతు బజార్లలో రోజూ పొద్దున్నే కూరగాయల ధరలు బోర్డు మీద రాస్తారు, అవీ కలిపి చదవొచ్చు. టమాటా ధర చదివే రేడియోని ఆడవాళ్ళు కట్టెయ్యరు, ఇది నేను రాసిస్తాను.

సముద్రం కబురు చదవడంలో ఒక కిటుకు ఉంది. బీబీసీ రేడియో 4లో షిప్పింగ్ ఫోర్‌కాస్ట్ వస్తుంది. బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాన్ని 31 భాగాలు చేసి, ఎప్పుడూ ఒకే వరసలో, ఒకే తీరులో, తొందర లేకుండా చదువుతారు. జన్మలో పడవ ఎక్కనివాళ్ళు కూడా అర్ధరాత్రి పక్క మీద పడుకుని వింటారు. ఆ వరసే దాని అందం. మనకీ వరస ఉంది: బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ, పూడిమడక, ఉప్పాడ, కాకినాడ. ఒకసారి పైకి చదివి చూడండి, తాళం దానంతట అదే పడుతుంది. సమాచారానికీ లోటు లేదు. వాతావరణ శాఖ వారి తుపాను హెచ్చరికల కేంద్రం మన ఊళ్ళోనే ఉంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ అలల ఎత్తు, చేపలు ఎక్కువగా దొరికే చోట్ల సూచనలు ఇస్తుంది. వాళ్ళు ఇచ్చే భాషని జెట్టీ మీద మాట్లాడుకునే భాషలోకి తేవడమే మీ పని. "ఆగ్నేయ దిశగా గంటకు 45 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు" అని చదివితే ఎవరికీ ఏదీ అందదు. చిన్న తెప్పల వాళ్ళు ఇవాళ వెళ్ళొచ్చా, వద్దా? ముందు అది చెప్పి, లెక్కలు తర్వాత చెప్పండి.

ఇది నా గాలి మేడ అనుకోకండి. రామేశ్వరం దగ్గర పాంబన్‌లో కడల్ ఓసై అనే కమ్యూనిటీ రేడియో 2016 నుంచి మత్స్యకారుల కోసమే నడుస్తోంది. మనకి ఇంత పెద్ద హార్బర్ ఉండి, అలాంటిది ఎందుకు లేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సాంకేతికంగా ఒక చిక్కు ఉంది, ముందే తెలుసుకోండి. ఎఫ్‌ఎం తరంగం ఇంచుమించు చూపు ఆనినంత దూరమే పోతుంది. ఒడ్డుకి దగ్గరగా తిరిగే ఫైబరు తెప్పలకి అందుతుంది. పది పదిహేను రోజులకి లోపలికి వెళ్ళే మర బోట్లకి అందదు. ఉప్పునీటి మీద బాగా పాకేది మీడియం వేవ్. విశాఖ ఆకాశవాణి 1963 నుంచి ఉంది, 927 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. పాతకాలపు సెట్టు ఒకటి బోటులో పెట్టుకోవడం వెనక కారణం ఆ పాకుడే. కాబట్టి మీ శ్రోతలు సముద్రం మీద ఉన్నవాళ్ళు కారు. ఒడ్డున ఎదురుచూసేవాళ్ళు, దగ్గర్లో వేట చేసి వచ్చేవాళ్ళు, గంపలవాళ్ళు, ఐసు ఫ్యాక్టరీలవాళ్ళు, ఆటోలవాళ్ళు, ఇంటి దగ్గరి ఆడవాళ్ళు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, అప్పుడేం చేస్తారు అని మీ యాడ్ ఏజెన్సీ స్నేహితుడు వెంటనే అడుగుతాడు. నన్నడిగితే మీకు అదే అసలు సీజను. ఆ రెండు నెలలూ బోట్లు ఒడ్డెక్కుతాయి, ఇంజన్లు విప్పుతారు, రంగులు వేస్తారు, వలలు బాగుచేసుకుంటారు. వల ముందేసుకుని కూర్చున్న మనిషికి గంటల తరబడి చేతులు కదులుతాయి, చెవులకి ఏ పనీ ఉండదు. ధారావాహిక నాటకం పెట్టాలన్నా, పాత ముసలాళ్ళ చేత తుపానుల కథలు చెప్పించాలన్నా అంతకన్నా మంచి వేళ దొరకదు. నిషేధ భృతి ఎప్పుడు పడుతుంది, ఏ కాగితాలు కావాలి అన్నది రోజుకి మూడుసార్లు చెప్పినా వింటారు. వల దారం, ఇంజను స్పేర్లు, రంగులు అమ్మే దుకాణాలవాళ్ళకి కొనుగోళ్ళు జరిగే కాలం కూడా అదే. ప్రకటన అడగాల్సింది వాళ్ళని. బట్టల షాపుల వెంట పడకండి, వాళ్ళు ఎలాగూ పెద్ద ఎఫ్‌ఎంలకే ఇస్తారు.

రెండోది షిఫ్టు రేడియో. మీ గాజువాక వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. స్టీల్ ప్లాంట్‌లో ఏ షిఫ్టు ఆరింటికి, బీ షిఫ్టు రెండింటికి, సీ షిఫ్టు రాత్రి పదింటికి. పోర్టు, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం కంపెనీలు, కేజీహెచ్ నర్సులు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లు, వీళ్ళందరి రోజూ మనం అనుకునే పొద్దున్న మొదలవదు. అయినా ప్రతి స్టేషనూ ఏడింటికి "గుడ్ మార్నింగ్ వైజాగ్" అంటుంది. సీ షిఫ్టు చేసి వచ్చి అప్పుడే దుప్పటి కప్పుకున్న మనిషికి అది తిట్టులా వినపడుతుంది. రోజుకి మూడు మార్నింగ్ షోలు ఉన్న స్టేషన్ ఊహించుకోండి: తెల్లవారుజామున అయిదింటికి ఒకటి, మధ్యాహ్నం ఒంటిగంటకి ఒకటి, రాత్రి తొమ్మిదింటికి ఒకటి. మూడింటిలోనూ అదే హుషారు, అదే రోజుకి సంబంధించిన సమాచారం. మధ్యాహ్నం రెండింటికి నిద్రలేచే మనిషికి "లేచారా, కాఫీ అయిందా" అని అడిగే గొంతు ఈ ఊళ్ళో ఒక్కటీ లేదు.

ఇక్కడ ఓ చిన్న రహస్యం. కంపెనీ బస్సులో నలభై మంది ఉంటారు, సిస్టమ్ బటన్ ఒక్కటే ఉంటుంది, అది డ్రైవర్ చేతిలో ఉంటుంది. నలభై మందిని మెప్పించాలని చూడకండి, డ్రైవర్ని మెప్పించండి. అతనికేం కావాలి? కూర్మన్నపాలెం దగ్గర లారీలు ఆగిపోయాయా, ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ ఎలా ఉంది, గాజువాక మెయిన్ రోడ్డు మీద తవ్వకాలు ఎటువైపు. ఇవి సరిగ్గా చెప్పే స్టేషన్ని అతను మార్చడు. టైలరింగ్ షాపు, సెలూన్, టిఫిన్ సెంటర్, అన్నిచోట్లా ఇదే లెక్క. బటన్ ఎవరి దగ్గరుందో వాళ్ళే మీ శ్రోత. మిగతావాళ్ళు వాళ్ళ చుట్టాలు.

సమాచారం చెప్పడమే ఫార్మాట్ అయితే చట్టం ఒప్పుకుంటుందా? ప్రైవేటు ఎఫ్‌ఎంలు సొంత వార్తలు చదవకూడదు. కేంద్రం ఎఫ్‌ఎంల కోసం పెట్టిన 2011 నాటి మూడో దశ విధానం ప్రకారం ఆకాశవాణి బులెటిన్‌ని మార్పు లేకుండా వినిపించొచ్చు, అంతే. అయితే అదే విధానం ట్రాఫిక్, వాతావరణం, ఆటల పోటీల విశేషాలు, పండగలు, పరీక్షలు, ఫలితాలు, అడ్మిషన్లు, ఉద్యోగావకాశాలు, కరెంటు, నీళ్ళ సరఫరా లాంటి ప్రకటనలు, ప్రకృతి విపత్తులు, ఆరోగ్య హెచ్చరికలు వీటిని వార్తల కింద లెక్కపెట్టదు. ఆ జాబితా మళ్ళీ ఒకసారి చదవండి. ఒక ఊరి మనిషికి రోజూ కావలసిన వాటిలో ముప్పాతిక భాగం అందులోనే ఉంది. ఇంత తలుపు తెరిచి పెట్టినా మా వాళ్ళెవరూ లోపలికి వెళ్ళలేదు, సినిమా గాసిప్ దగ్గరే ఆగిపోయారు. నేనూ ఆ ఆగిపోయినవాళ్ళలో ఒకణ్ణే.

అందుకు నాకు శాస్తి కూడా అయింది. ఒక స్టేషన్‌లో పనిచేసేటప్పుడు ఆదివారం స్టూడియోలో మనిషి ఉండేవాడు కాదు. శుక్రవారమే లింకులు, అంటే పాటల మధ్య మాటలు, రికార్డు చేసి కంప్యూటర్‌కి అప్పగించి వెళ్ళిపోయేవాళ్ళం. ఒక ఆదివారం వాయుగుండం పట్టుకుంది. పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. మా సందులో కొబ్బరి మట్టలు రాలుతున్నాయి. అన్నం తింటూ రేడియో పెట్టాను. నా గొంతే వచ్చింది: "ఇంత మంచి సాయంత్రం ఇంట్లో కూర్చుంటారా? ఆర్కే బీచ్‌కి పదండి, మురీ మిక్చర్ తిందాం!" మా అమ్మ వడ్డిస్తున్న గరిటె అలాగే పట్టుకుని, "ఏట్రా, పిచ్చెక్కిందేటి నీకు?" అంది. ఇవాళ ఏఐ గొంతుతో రేడియో నడిపేస్తాం అని నా దగ్గరికి వచ్చేవాళ్ళకి ఈ కథే చెబుతాను. గొంతు ఎవరిదైనా ఫరవాలేదు, కిటికీలోంచి బయటికి చూసే మనిషి ఒకడు మాత్రం ఉండి తీరాలి.

హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబరు 12, మీరు చిన్నవాళ్ళయి ఉంటారు. కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు. మా మెట్ల మీద ఏడుగురం పక్కింటివాళ్ళ బ్యాటరీ సెట్టు చుట్టూ కూర్చున్నాం. ముల్లు తిప్పితే గరగరలాడుతూ విజయవాడ దొరికింది. రాష్ట్రం కబుర్లన్నీ తెలిశాయి. పాల ప్యాకెట్లు ఏ సెంటర్లో ఇస్తున్నారో, నీళ్ళ ట్యాంకర్ మా వీధికి వస్తుందో రాదో మాత్రం ఎవరూ చెప్పలేదు. మీరు ఇంటర్నెట్ రేడియోతో మొదలుపెడుతున్నారు కాబట్టి ఇది గుర్తుంచుకోండి. మీ రేడియో టవర్ పడిపోయేదాకానే పనిచేస్తుంది. ఎఫ్‌ఎం మీద మీ మనసు ఉండటానికి ఇది మంచి కారణం.

యాస సంగతి వేరే చెప్పాలి. నేను మొదటిసారి గొంతు పరీక్షకి వెళ్ళినప్పుడు, అక్కడి పెద్దాయన "ఏటి" అన్నానని స్క్రిప్టు వెనక్కి ఇచ్చేశారు. ఆర్నెల్లు అద్దం ముందు "ఏమిటి, ఎందుకు, వెళుతున్నాను" అని సాధన చేశాను. ఇరవై ఏళ్ళు ఆ గొంతుతోనే బతికాను. గురజాడ, చాసో, రావిశాస్త్రి ఈ నేల మాటని కాగితం మీద రాజుని చేశారు, వంగపండు గొంతెత్తితే వేలమంది ఊగేవారు. రేడియోలో, సినిమాలో మాత్రం మన యాస వినపడితే అక్కడేదో జోకు రాబోతోందని అర్థం. ఈ పద్ధతిని తలకిందులు చేసే ఫార్మాట్ ఎవరైనా పెడితే వినాలని ఉంది. వాతావరణం, పరీక్షల తేదీలు, డాక్టరు గారి సలహా, అన్నీ ఉత్తరాంధ్ర మాటలో, సీరియస్‌గా. నవ్వించడానికి మాత్రం కావాలంటే పుస్తకాల తెలుగు వాడుకోండి. మొదటి నెల "ఇదేం రేడియో" అంటారు. రెండో నెల శ్రీకాకుళం నుంచి వచ్చి మధురవాడలో అద్దెకుంటున్న కుటుంబాలు ఫోన్ చెయ్యడం మొదలుపెడతాయి. ఒక్క హెచ్చరిక. యాస రానివాళ్ళ చేత చేయించకండి. రెండో వాక్యానికే దొరికిపోతారు.

మీ దగ్గర డబ్బు తక్కువ ఉందనుకుంటాను. అలాంటప్పుడు శాశ్వతమైన స్టేషన్ కన్నా ముందు ఒక్క రాత్రి రేడియో నడిపి చూడండి. అమెరికాలో కొన్ని సంగీత స్టేషన్లు నవంబరు రాగానే ఉన్న ఫార్మాట్ పక్కన పెట్టి పూర్తిగా క్రిస్మస్ పాటలకి మారిపోతాయి. ఆ నెలన్నరా వాళ్ళకి శ్రోతలు పెరుగుతారు. మనకి అంతకన్నా మంచి సందర్భాలున్నాయి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన జనం అడవివరం, హనుమంతవాక, జోడుగుళ్ళపాలెం, మాధవధార, గోపాలపట్నం మీదుగా రాత్రంతా నడుస్తారు. అందరి దగ్గరా ఫోను, చాలామంది చెవుల్లో ఇయర్‌ఫోన్లు. మంచినీళ్ళు ఎక్కడ, మందులు ఇచ్చే టెంటు ఎక్కడ, ఎక్కడ జనం ఆగిపోయారు, ఎంతదూరం మిగిలింది, తప్పిపోయిన పిల్లాడు ఏ పోలీసు పాయింట్ దగ్గరున్నాడు. మధ్యలో భజనలు, స్థలపురాణం, కాళ్ళ నొప్పులకి చిట్కాలు. పది మంది వాలంటీర్లు దారి పొడవునా ఫోన్లు పట్టుకుని నిలబడితే చాలు. నెట్‌వర్క్ జామ్ అవుతుంది కాబట్టి తక్కువ బిట్‌రేట్‌లో పంపండి. 32 కేబీపీఎస్ మోనోలో మాట శుభ్రంగానే వినపడుతుంది, మీ సౌండ్ ఇంజనీరుకి తెలిసే ఉంటుంది. మార్గశిర గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి క్యూ కోసం కూడా ఇలాంటిదే చెయ్యొచ్చు. ఎవరు విన్నారో, ఎంతసేపు విన్నారో సర్వర్ లెక్క చూపిస్తుంది. ఆ కాగితం పట్టుకుని ప్రకటనల కోసం వెళ్ళండి.

ఆ కాగితం ఎందుకు ముఖ్యమంటే, రేడియో శ్రోతల్ని కొలిచే ర్యామ్ రేటింగులు ముంబయి, ఢిల్లీ, బెంగళూరు, కోల్‌కతా దాటి రాలేదు. వైజాగ్‌లో ఏ స్టేషన్ నంబర్ వన్ అన్నది ఎవరి హోర్డింగ్ పెద్దదైతే వాళ్ళ మాటే. కొలత లేని ఊళ్ళో కొలత చూపించగలిగినవాడు పైచేయి.

ఇంక లైసెన్సులు, క్లుప్తంగా. ఇంటర్నెట్ రేడియోకి ఎఫ్‌ఎంలా వేలంలో ఫ్రీక్వెన్సీ కొనక్కర్లేదు. అలాగని పాటలు ఉచితం అనుకోకండి, పాటల హక్కుల రుసుము వసూలు చేసే ఐపీఆర్‌ఎస్, పీపీఎల్ సంస్థలతో, మ్యూజిక్ కంపెనీలతో హక్కుల సంగతి ముందే మాట్లాడుకోండి. మాటలు ఎక్కువ, పాటలు తక్కువ ఉన్న ఫార్మాట్లు నేను చెప్పడానికి ఇదీ ఒక కారణం. కమర్షియల్ ఎఫ్‌ఎం మీకు ఇప్పుడు అందదు. విశాఖలో ఉన్నవన్నీ పెద్ద సంస్థలవే. కొత్తగా 234 పట్టణాల్లో 730 ఛానళ్ళ వేలానికి 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. విజయనగరం, శ్రీకాకుళం అందులో ఉన్నాయి, దాని మీద ఒక కన్నేసి ఉంచండి.

మీకు సరిపోయే దారి కమ్యూనిటీ రేడియో. 100 వాట్ల పవరు, ముప్పై మీటర్ల లోపు యాంటెన్నా, మంచి చోట పెడితే పది కిలోమీటర్ల దాకా వినపడుతుంది. వైజాగ్‌లో కొండలు అడ్డం కాబట్టి చోటు ఎంచుకునే ముందు ఒక బ్యాటరీ సెట్టు పట్టుకుని కొండ అవతల కూడా నడిచి చూడండి. వ్యక్తులకీ, లాభాల కోసం నడిచే కంపెనీలకీ ఈ లైసెన్సు ఇవ్వరు. విద్యాసంస్థ గానీ, కనీసం మూడేళ్ళ కిందట రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ గానీ అయి ఉండాలి. అంటే మీరు మత్స్యకారుల సంఘంతోనో, కాలేజీతోనో చెయ్యి కలపాలి. కార్యక్రమాల్లో సగమైనా ఆ జనమే పాల్గొని చేసినవి ఉండాలి. 2024 నుంచి గంటకి 12 నిమిషాల ప్రకటనలు వేసుకోవచ్చు, ప్రభుత్వ ప్రకటనల రేటు పది సెకన్లకి 74 రూపాయలు. కోట్లు రావు. ముగ్గురి జీతాలు, కరెంటు బిల్లు వెళ్ళేలా చెయ్యడం మీ చేతిలో ఉంటుంది. జహీరాబాద్ దగ్గర మాచునూరులో సంఘం రేడియో 2008 నుంచి పల్లెటూరి దళిత మహిళల చేతుల మీద నడుస్తోంది. వాళ్ళు ఏ ఆర్‌జే కోర్సూ చెయ్యలేదు. ఒకసారి వెళ్ళి రండి, బస్సు ఖర్చుకి దొరికే చదువు అది.

ఫోన్ల విషయం కూడా చూసుకోండి. కొత్త ఫోన్లలో చాలావాటిలో ఎఫ్‌ఎం రావడం లేదు. ఆ సదుపాయం తీసెయ్యొద్దని 2023లో కేంద్రం తయారీదారులకి సూచించాల్సి వచ్చింది. హార్బర్‌లో మాత్రం కీప్యాడ్ ఫోన్లు ఇంకా బోలెడు. వాటిలో ఎఫ్‌ఎం ఉంటుంది, ఇయర్‌ఫోన్ వైరే యాంటెన్నా.

మీరు నిజంగా చేద్దామనుకుంటే వచ్చే ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకి ముగ్గురూ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళండి. సర్వే కాగితాలు తీసుకెళ్ళకండి. ఒక రికార్డరు, రెండు జతల బ్యాటరీలు, టీకి చిల్లర. మైకుకి ఫోమ్ కవరు తప్పకుండా తొడగండి, లేకపోతే ఇంటికొచ్చాక గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. జెట్టీ మీద ఐసు నీళ్ళు, చేప పొలుసు కలిసి కాలు నిలవదు. మొదటిసారి నేను పడ్డాను, రికార్డరు కూడా పడింది.